నిప్పుకొండమీది ద్రాక్ష

మా యింట మద్యమను మాట పలుకుటకైనను వీలులేదు. ఇది స్మృతులలోని నియమము కాదు, మా తల్లిగారి నియమము. కావున దీనికి ప్రాయశ్చిత్తవిధి కూడ లేదు. అట్టి యింట పెరిగి, ఇరువదియేండ్లుగా బడిలో సంస్కృతమును ఇంగ్లీషును బోధించుచు, ఏటేట మద్యపానదోషములను గుఱించి పిల్లలచేత వ్యాసములు వ్రాయించుచున్న మేము ఇప్పుడు ఇటలీదేశపు ద్రాక్షాసవమును గుఱించి వ్రాయబూనుట చదువరులకు వింతగా దోచవచ్చును. మాకును వింతగానే యున్నది. అయినను కన్నదానిని, విన్నదానిని దాచుట సత్యమునకు చేయు నపచారమని తలచి వ్రాయుచున్నాము. మేము త్రాగివచ్చి వ్రాయుటలేదని మాత్రము మొదటనే మనవి.

మాది నెల్లూరుజిల్లా. మా తండ్రిగారు మంచివారు. కొడుకులము గనుక మేము చెప్పుట కాదు, ఊరివారందఱును చెప్పిన మాటయే. కాని ప్రొద్దుగ్రుంకిన తరువాత ఆ మంచితనము సారా అంగడిలో తాకట్టు పడుచుండెడిది. మాకున్న రెండెకరముల మాగాణిలో నొకటి 1988లో పోయెను. రెండవది పోకముందే, 1990లో, ఆయన పోయిరి. అప్పటికి మాకు పదియేండ్లు. 1992వ సంవత్సరమున మా జిల్లాలోని దూబగుంట గ్రామమున స్త్రీలు సారా అంగడిని మూయించిరి. రాత్రిబడులలో అక్షరములు నేర్చుకొన్న ఆ తల్లులు పుస్తకములోని పాఠమును తమ వీధికి అన్వయించుకొనిరి. ఆ గాలి మా యూరికిని వీచెను. మా తల్లిగారు మఱి పదిమందితో గూడ మూడుదినములు అంగడివాకిట బైఠాయించిరి. మేము అన్నపుగిన్నె మోసికొని పోయి యిచ్చి వచ్చుచుంటిమి. ఆ వాకిటనే ఆమె చేతిలో చేయి వేసి, ఎన్నడును త్రాగనని మాట యిచ్చితిమి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. ప్రభుత్వనియమము సడలినది గాని మా యింటినియమము సడలలేదు.

ఇట్లుండగా, సిసిలీద్వీపమున కతానియా నగరమందు అగ్నిపర్వతములను గుఱించి పరిశోధన చేయుచున్న మా పూర్వశిష్యు డొకడు, 2023 దసరా సెలవులకు మమ్ము తన యొద్దకు రమ్మని ఉత్తరము వ్రాసెను. విమానపు టిక్కెట్టును తానే పంపెను. ‘ఎట్నాకొండ మీద ఆ దినములలో ద్రాక్షకోత జరుగును, చూడదగిన వేడుక’ అని చివర నొక వాక్యము చేర్చెను. ఆ వాక్యము మేము చదువక దాటవేయవచ్చును. కాని మాట యిచ్చిన చేయి మా తల్లిగారిది. చదివి వినిపించితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “కొండ చూడు, తోట చూడు, జనాన్ని చూడు. ఆ రసం మాత్రం నోట్లో పోసుకోబాక, అబ్బయా” అనిరి. ఇట్టి యనుజ్ఞతో మేము బయలుదేరితిమి.

ఉపాధ్యాయుడు పయనమునకు ముందు పెట్టె సర్దుకొనడు, పుస్తకములు తిరుగవేయును. మేమును అట్లే చేసితిమి. కాళిదాసుని రఘువంశమున నాలుగవసర్గయందు, పారసీకులను గెలిచిన రఘుసైనికులు ద్రాక్షతోటలలో తోళ్ళు పఱచుకొని కూర్చుండి మధువుతో బడలిక తీర్చుకొందురు. బడిలో ఆ శ్లోకము వచ్చినప్పుడు మేము బండిని వేగముగా తోలుట వాడుక. ఈసారి నిలిచి చదివితిమి. క్రీస్తుశకము మొదటిశతాబ్దియం దొక వర్తకుడు గ్రీకుభాషలో వ్రాసిన ఎఱ్ఱసముద్ర పర్యటనగ్రంథమున, భరుకచ్ఛపురేవున దిగుమతియగు సరకులలో ద్రాక్షాసవమును, అందును ముఖ్యముగా ఇటలీదేశపుదానిని పేర్కొనియున్నారు. మసాలియా యను దేశమున సన్నని వస్త్రములు విరివిగా నేయుచుందురని ఆ గ్రంథముననే కలదు. ఆ మసాలియా మన మచిలీపట్టణప్రాంతమని పండితుల యభిప్రాయము. పుదుచ్చేరి చెంత అరికమేడుదిబ్బలను 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వించెను. అచ్చట దొరకిన రోమకుల మద్యభాండపు పెంకులలో కొన్నింటిమట్టియందు నల్లని యిసుకరేణువులు కలవు. అవి నేపుల్స్ నగరపు చెంతనున్న అగ్నిపర్వతభూమిలోని రేణువులు. రెండువేలయేండ్ల క్రిందట ఒక నిప్పుకొండమట్టి కుండయై, ఆ దేశపుద్రాక్షరసమును మోసికొని మన తూర్పుసముద్రపు టొడ్డునకు వచ్చినదన్నమాట!

నేపుల్స్ చెంతనున్న ఆ వెసూవియసుకొండయే క్రీ. శ. 79వ సంవత్సరమున పగిలి పాంపేయీ నగరమును బూడిదలో పాతిపెట్టెను. 20వ శతాబ్దియందు విల్హెల్మినా జాషెమ్‌స్కీ యను పరిశోధకురాలు ఆ నగరపు మల్లరంగము చెంత నొక తావున త్రవ్వించెను. క్రుళ్ళిపోయిన వేళ్ళు గట్టిపడిన బూడిదలో విడిచిన బొఱియలను శుభ్రపఱపించి, వానిలో సిమెంటు పోయించి, వేళ్ళరూపములను వెలికితీసి, అది రెండువేలకు పైగా తీగెలున్న ద్రాక్షతోట యని తేల్చెను. నేటికిని ఆ కొండవాలులమీద పియెదిరొస్సొ, కోద ది వోల్పె యను ద్రాక్షజాతులను పెంచుచున్నారు. మొదటిమాటకు ‘ఎఱ్ఱపాదము’ అనియు, రెండవదానికి ‘నక్కతోక’ అనియు అర్థము. నక్కతోక త్రొక్కినవాడు అదృష్టవంతుడని మనవారందురు. ఆ దేశపువారు నక్కతోకను త్రొక్కియే రసము తీసెడివారు.

అయితే మేము చూడబోయినది వెసూవియసు కాదు, దానికంటె పెద్దదియు, నేటికిని మండుచున్నదియు నైన ఎట్నా. ఎత్తు 3,300 మీటర్లకు పైమాట. మేము దిగిననాడు శిఖరమునుండి తెల్లనిపొగ వంటయింటిపొగవలె తిన్నగా లేచుచుండెను. ఆ కొండకు మొంజిబెల్లో అనియు నొక పేరు కలదు. లాటినుజాతులవారు తమ భాషలో కొండ యనిరి. తరువాత వచ్చి యేలిన అరబ్బులు తమ భాషలో జబల్ అనిరి. రెండును అతుకుకొని ‘కొండకొండ’ యైనది. మన ‘నడిసెంటరు’ వంటి సమాసము. దీనికి సూత్రము పాణినీయమున దొరకదు. ఊళ్ళవారు మాత్రము వట్టి ‘కొండ’ యనియే, అదియు స్త్రీలింగముననే, ఇంటిపెద్దముత్తైదువను గుఱించి చెప్పినట్లు చెప్పుచుందురు.

శిష్యుడు మమ్ము కారులో కొండకు ఉత్తరపువైపునకు, రందాత్సో పట్టణపు దిక్కునకు గొనిపోయెను. త్రోవలో నొకచోట పచ్చనితోటల నడుమ ఆకస్మికముగా నల్లని రాళ్ళగుట్టలు, దున్నినపొలము గడ్డకట్టినట్లు, కొండపైనుండి లోయలోనికి పఱచుకొని యున్నవి. “ఇది షారా, మాస్టారూ” అనెను. మేము ఉలికిపడి, “ఇక్కడను సారాయేనా?” అంటిమి. అతడు నవ్వి, చల్లారిన లావాభూమిని ఆ ద్వీపపుభాషలో షారా యందురని చెప్పెను. అది 1981 మార్చి 17వ తేదీన మొదలిడిన ప్రవాహము. కొద్దిదినములలోనే తోటలను, త్రోవలను, రైలుపట్టాలను మ్రింగుచు ఆల్కాంతర నదిదాపునకు వచ్చి నిలిచెను. నలువదియేండ్లు దాటినను అచ్చట పొలము లేదు. రాతిమీద బూడిదవన్నె పాచివంటి శిలావల్కము మాత్రము పట్టియున్నది. మఱికొంతకాలమునకు పచ్చనిపూవులు పూయు జినెస్త్రయను పొద వేరూనును. ఆ వేళ్ళు రాతిని చీల్చును. ఆకులు రాలి క్రుళ్ళును. ఇట్లు శతాబ్దులు గడచినగాని గట్టిరాయి మట్టి కాదు. కొండ వెదచల్లు బూడిదయు సన్నరాళ్ళును పడినచోట మాత్రము త్వరగా సాగు సాధ్యమగును. “తెలంగాణమున పడమటిభాగమందలి నల్లరేగడికూడ ఇట్టిదే, మాస్టారూ. ఇంచుమించు 6 కోట్ల 60 లక్షల యేండ్లక్రిందట దక్కనుమీద పాఱిన లావా అరిగి అరిగి మట్టియైనది. మన ప్రత్తి పండునది ఆ నిప్పులోనే” అనెను. బడిలో వెనుకబల్లపై కూర్చుండిన బాలుడు గురువును ముందుబల్లపై కూర్చుండబెట్టిన దినమది.

మేము పోయినది ఎనుబదియేండ్లు దాటిన ఒక వృద్ధుని తోటకు. శిష్యుడు వారింటి మేడమీద కొంతకాలము అద్దెకుండెనట. తోట కొండవాలున మెట్లుమెట్లుగా నున్నది. ప్రతిమెట్టునకును నల్లరాతిగోడ, సున్నము లేదు, సిమెంటు లేదు, రాతిమీద రాయి కూర్చినదే. ద్రాక్షయనగా మన హైదరాబాదుప్రాంతపు పందిళ్ళను తలచుకొని పోయిన మాకు అచ్చట పందిరియే కానరాలేదు. ఒక్కొక్క తీగె చిన్నచెట్టువలె దేనికదియే నిలిచి, చెస్ట్‌నట్టు కఱ్ఱనొకదానిని ఊతగా పట్టుకొని, కఱ్ఱపట్టిన ముదుసలివలె నున్నది. దీనిని ఆల్బెరెల్లో అనగా ‘చిన్నచెట్టు’ పద్ధతి యందురు. హెక్టారునకు 7,000 మొదలు 9,000 వఱకు తీగె లుండును. నడుమ యంత్రము పోవుటకు త్రోవ లేదు. త్రవ్వవలసినను, కత్తిరింపవలసినను, కోయవలసినను, నడుము వంచిన మనుష్యుడే దిక్కు.

ఆ నల్లద్రాక్ష పేరు నెరెల్లో మస్కలేజె. ఎట్నాకు తూర్పున సముద్రపువైపున నున్న మస్కలి ప్రాంతమునుబట్టి వచ్చిన పేరు. ఆ మస్కలిగ్రామమునే 1928 నవంబరులో లావా కప్పివేసెను. ఊరిని వేఱొకచోట కట్టుకొనిరి. ఊరు కదలినను ద్రాక్షపేరు కదలలేదు. దీనికి తోడుగా నెరెల్లో కప్పుచ్చో యను మఱియొక నల్లజాతియు, కర్రికాంతె యను తెల్లజాతియు నున్నవి. ఎట్నాపేర అమ్ముడుపోవు ఎఱ్ఱని ఆసవమున నూటికి 80 పాళ్ళకు తక్కువగాకుండ మస్కలేజె యుండవలెనని నిబంధన. ఆ పేరునకు 1968లో చట్టరక్షణ గలిగెను.

తోటమూలనున్న కొన్నివరుసలను ఆ వృద్ధుడు వేఱుగా చూపెను. వాని మొదళ్ళు మన చేతిపట్టునకు లొంగనంత లావై, మెలికలు తిరిగి, నల్లబడి యున్నవి. అవి నూఱేండ్లకు మించినవియు, అంటుకట్టనివియు నట. దీని విశేష మేమనగా, 1860 తరువాత అమెరికానుండి ఫైలొక్సెరా యను నొక చిన్నపురుగు ఐరోపాకు వచ్చి, ద్రాక్షవేళ్ళను పట్టి, దేశములకు దేశములనే ఎండగట్టెను. 1880లో సిసిలీయందును కనబడెను. ఆ పురుగును తాళగల అమెరికాతీగెల వేళ్ళమీద ఐరోపాతీగెలను అంటుకట్టుటయే దానికి మందైనది. నేడు ప్రపంచమున ద్రాక్షతోటలు చాలవఱకు పరులవేళ్ళమీద నిలిచినవే. అయితే ఆ పురుగునకు ఇసుకనేలలో తిరుగాడుట కష్టము. ఈ కొండమీద ఇసుకవంటి నల్లబూడిదనేల యున్నచోట కొన్ని ముదితీగెలు తమ వేళ్ళమీదనే మిగిలిపోయినవి. ఊరిని కాల్చిన కొండయే తీగెను కాచినది.

ఈ మాట వినగానే మాలోని సంస్కృతపండితుడు మేల్కొనెను. “కావుననే కాబోలు, ఈ రసమున అగ్నియొక్క రుచి యుండునని పుస్తకములలో వ్రాయుచున్నారు. ద్రాక్ష వేళ్ళతో కొండసారమునే త్రాగుచున్నది గదా!” అంటిమి. శిష్యుడు తల గోకికొని, “రాయి రుచి రసములోనికి రాదు, మాస్టారూ. వేళ్ళు తీసికొనునది నీటిలో కరిగిన లవణములను, అదియు బహుస్వల్పముగా. వానికి నాలుకకు దెలియునంత రుచి లేదు. ఈ నేలలో నీరు నిలువదు. ఎత్తువలన పగలు ఎండ, రాత్రి చలి. పండు మెల్లగా పండును. అక్టోబరు వఱకు కోయరు. పులుపు పోక మిగులుట అందుచేత. ఉపమానము మంచిదే గాని ప్రమాణము కాదు” అనెను. ఉపమానమునకును ప్రమాణమునకును భేదమును వానికి మేమే బోధించియుంటిమి.

తరువాత పల్మెంతోను చూచితిమి. అది రాతితో కట్టిన పాతకాలపు గానుగయిల్లు. పైతొట్టిలో పండ్లుపోసి కాళ్ళతో త్రొక్కుదురు. రసము వాలున దానంతట అది క్రిందితొట్టికి జాఱును. మిగిలిన పిప్పిని ఇంటిదూలమంత మ్రానుతో అదుముదురు. అంతయు నిప్పుడు ఖాళీగా, సాలెగూళ్ళతో నున్నది. శుభ్రతను గుఱించిన ఐరోపా నిబంధనలవలన 1990ల తరువాత అట్టి తొట్లలో అమ్మకపు ఆసవము చేయుట మానిరి. ప్రక్కగదిలో తళతళలాడు ఉక్కుతొట్లున్నవి. వానిచెంత ఆ వృద్ధుని మనుమరాలు మరచెప్పులు తొడుగుకొని గొట్టములు కడుగుచుండెను.

ఆ గదిలో అడుగుపెట్టగానే పులియుచున్న రసపువాసన మమ్ము కమ్ముకొనెను. చిన్ననాట మా తండ్రిగారు తలుపు తట్టినప్పుడు వచ్చిన వాసన మాకు జ్ఞప్తియున్నది; ఆ వాసనకే మేము చాపక్రింద దాగికొనెడివారము. అట్టిదేదో వచ్చునని ఊపిరి బిగబట్టి నిలిచితిమి. కాని యిది పండిన పండువాసన, తడిసిన మట్టివాసన. మాకు అసహ్యము కలుగలేదు. కలుగకపోవుటయే మాకు దుఃఖమైనది. మా తండ్రిగారికి ద్రోహము చేసినట్లో, మా తల్లిగారికి చేసినట్లో తెలియక ఆవలికి వచ్చితిమి.

భోజనమువేళ ఆ వృద్ధుడు తన చేతితో ఒక గ్లాసు నింపి మా ముందర పెట్టెను. అది ఆ యింటి మర్యాద. మేము చేతులు జోడించి, వలదంటిమి. అంతటితో ఊరకున్న బాగుండెడిది. కాని బడిపంతులునకు వలదనుట చాలదు, ఏల వలదో చెప్పవలెను. ధర్మశాస్త్రము మొదలు వైద్యశాస్త్రము వఱకు పావుగంటసేపు ఉపన్యసించితిమి. ఎంతమితముగా త్రాగినను మద్యము నిరపాయమని చెప్పుటకు వీలులేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన సంగతియు చెప్పితిమి. శిష్యుడు దానినంతను రెండు వాక్యములలో ఇటలీభాషలో ముగించెను. ఆ యింటివారి ముఖములు మాఱిపోయెను. “ఏమి చెప్పితివి?” అని అడిగితిమి. “మాస్టారి నాన్నగారు త్రాగుడువలన పోయిరి, అమ్మగారికి మాట యిచ్చియున్నారు, అని చెప్పితిని” అనెను.

మా ఉపన్యాసమున లేనివి ఆ రెండుమాటలే.

ఆ వృద్ధుడు మా గ్లాసునే గాక తన గ్లాసునుగూడ తీసి ప్రక్కబల్లమీద పెట్టెను. కొంతసేపటికి, “మా తమ్ముడును అట్లే పోయెను. ఈ తోటరసమువలననే” అనెను. ఆయన భార్య లేచిపోయి ఒక రేకుడబ్బా తెచ్చి మా ముందర విప్పెను. అందులో ఆకులవలెను, పూవులవలెను అచ్చుపోసిన నల్లని బిళ్ళలున్నవి. దానిని ముస్తార్ద యందురు. పులియకముందే ద్రాక్షరసమును తీసి, పులుపు విఱుగుటకు తీగెపుల్లల బూడిద కలిపి కాచి, తేర్చి, వడబోసి, పిండితో చిక్కబఱచి, మట్టి అచ్చులలో పోసి యెండబెట్టుదురు. మేమొక బిళ్ళ నోట వేసికొంటిమి. తాండ్ర! మామిడికి మాఱుగా ద్రాక్ష, చాపకు మాఱుగా మట్టియచ్చు, అంతే భేదము. ఆమె మా ముఖము చూచి, డబ్బానంతయు మావైపునకు త్రోసెను.

అప్పుడుగాని ఆ వృద్ధుడు నోరువిప్పి తనకథ చెప్పలేదు. ఆయన తండ్రికాలమున ఈ కొండరసమును పీపాలలో నింపి, రిపోస్తో రేవునుండి ఓడల కెక్కించెడివారు. ఉత్తరదేశములవారు తమ పలుచని ఆసవమునకు బలము చేకూర్చుటకు దానిని కలుపుకొనెడివారు. పీపా కదలగానే కొండపేరు పోయెడిది. పేరులేని సరకునకు వెల చెప్పువాడు కొనువాడే గాని అమ్మువాడు కాడు. త్రవ్వినకూలి గిట్టలేదు. ఆయన కొడుకు టురీనునగరమునకు పోయి కర్మాగారమున చేరెను. చుట్టుప్రక్కల తోటలు బీడుపడెను. ఆ దినములలో తెలిసినవారు వచ్చి, ఈ నాటుతీగెలను పెరికి లోకమంతట పేరున్న ఫ్రెంచిజాతులను నాటుమని హితము చెప్పిరి. “నేను సగము తోటను పెరికితిని” అనెను. ఆ మాట చెప్పునప్పుడు ఆయన చేతులు బల్లమీద దేనినో పట్టి లాగుచున్నట్లు కదలెను. “క్రొత్తతీగెయు బాగుగానే కాచినది. రసమును చెడ్డది కాదు. కాని అట్టిది నూఱుదేశములలో నున్నది. దానికై ఈ కొండ యెక్కి నా తలుపు తట్టువా డెవడు?”

ఇంతలో 1988లో జ్యుసెప్పె బెనాంతి యను ఔషధవ్యాపారి ఈ కొండమీది పాతజాతులను పరీక్షింపించి, వానితోనే మేలైన ఆసవము చేయ మొదలుపెట్టెను. 2000 ప్రాంతమున పైదేశములవారును వచ్చి బీడుపడిన మెట్లతోటలను కొనిరి. 2011 నుండి, పండు పండిన కొంత్రాదపేరును, అనగా మనము పలానివారి దొరువు, పలానివారి మిట్ట యన్నట్టి పొలపుపేరును, సీసామీద వ్రాయుటకు అనుమతి గలిగెను. వ్యవసాయశాస్త్రము చదివిన మనుమరాలు టురీనునుండి తాతయొద్దకు తిరిగి వచ్చెను. మొదట చేసినపని పల్మెంతోకు తాళము వేయుట. తాత ఆఱునెలలు ఆమెతో మాటలాడలేదట. రెండవపని తాత మిగిల్చిన ముదితీగెల కొమ్మలను తీసి, పెరికినచోట మరల నాటించుట, అప్పుడు మాటలాడెను.

ఈ కథ మా మనస్సున నేటికిని తిరుగుచున్నది. సంస్కరణమని మనము నిత్యము పలుకుచుందుము. పాతదెల్ల పెరికివేయుట సంస్కరణమని కొందఱును, పాతదానిపై చేయివేయుటయే పాపమని కొందఱును వాదింతురు. ఆ చిన్నది తొట్టిని మార్చినది, పాదును మార్చలేదు. మురికిని విడిచినది, మొదటిని విడువలేదు. ఏది తొట్టి, ఏది పాదు అని తెలిసికొనుటయే సంస్కర్తకు కావలసిన విద్య. ఆ పాదైనను ఆకాశమునుండి ఊడిపడిన శుద్ధజాతి కాదు. నెరెల్లో మస్కలేజె, సాంజోవేజె యను ప్రసిద్ధమైన నల్లద్రాక్షకును మాంతోనికో యను దక్షిణపు తెల్లద్రాక్షకును పుట్టినదని జన్యుపరీక్షలు తేల్చినవి. ఎప్పుడో రెండుదిక్కుల పుప్పొడి కలిసినది. ఆ బిడ్డను ఈ కొండ పెంచుకొన్నది. స్వదేశీయ మనగా ఎన్నడును మాఱనిది కాదు. ఒక నేలతో చిరకాలము కాపురము చేసినది.

ఇంతమాత్రమున మద్యము మంచిదని మేము చెప్పినట్లు తలపవలదు. ఆ తోటరసమే ఆ యింటి తమ్ముని గొనిపోయినది. మంచినేలయు, పాతతీగెయు, అందమైన పేరును అతనిని కాపాడలేదు. మా యూరి సారాసంచులమీద ఏ పొలముపేరును లేదు, ఏ మనుష్యునిపేరును లేదు. ఈ సీసామీద రెండును కలవు. కడుపులోనికి పోయిన తరువాత మాత్రము రెండింటికిని పేరులేదు. ఈ రెండునిజములను ఒకేమనస్సున ఉంచుకొనుట కష్టముగా నున్నది. అయినను ఉంచుకొనియే తిరిగి వచ్చితిమి.

ఇంటికి వచ్చి డబ్బాను మా తల్లిగారి ముందర పెట్టితిమి. ఆమె మొదట వాసన చూచిరి. తరువాత మా ముఖము చూచిరి. తరువాత ఒక బిళ్ళ నోట వేసికొనిరి. “ఇది తాండ్ర గదరా” అనిరి. మేము తోటయు, తాతయు, తమ్ముడును, ప్రక్కబల్లమీదికి పోయిన గ్లాసును, మా గదిలోని వాసనయు, ఏదియు దాచక చెప్పితిమి. ఆ వాసన మాకు చెడ్డగా దోచలేదని చెప్పునప్పుడు తల వంచుకొంటిమి.

ఆమె కోపపడలేదు. “చెట్టుదేం తప్పులేదురా, అబ్బయా. అంగడి మూసిన దినం మన మొగోళ్ళు నలుగురు గొడ్డళ్ళు తెచ్చినారు, చెరువుకట్ట మీద తాళ్ళన్నీ నరికేద్దామని. నేనే అడ్డం పడినా. ముంజలు పిల్లకాయలు తింటారు, ఆకు పాకలకు గావాల, తాళ్ళేం జేసినాయని. మీ నాయన్ని తాడిచెట్టు పిలవలేదుగా, అంగడోడు పిలిచినాడు” అనిరి.

ముప్పదియేండ్లుగా మేమాకథను పిల్లలకు చెప్పుచున్నాము. గొడ్డళ్ళసంగతి ఆనాటివఱకు ఎఱుగము. ఆ తాళ్ళు నేటికిని మా చెఱువుకట్టమీద నున్నవి. చిన్ననాడు వాని ముంజలు తిన్నవారిలో మేమొకరము.

ఆమె మఱియొక బిళ్ళ తీసి చీరకొంగున ముడివేసికొని, మిగిలినవానిని ప్రక్కయింటి పిల్లలకు పంచిపెట్టి, డబ్బాను కడిగి పోపుదినుసులకు పెట్టుకొనిరి.